నాడాల మాస్కు

మధ్యాహ్నం పూట ఎవరు తలుపు కొట్టినా నేను తియ్యను. పాలు పోసే అతని దగ్గర్నుంచి మీటరు చూసే అతని దాకా వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. టైలరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది, సీరియల్ వేళ కదిలిస్తే తిట్లు తప్పవు అని చెప్పుకుంటారట. చెప్పుకోనీ. ఆ వేళకి మా ఆయన టీవీలోకి వస్తారు. మొగుడు వచ్చే వేళకి వాకిట్లో నిలబడి ఊసులాడే మనిషిని కాదు నేను.

ఆయన పోయి ఏళ్ళయింది. జబ్బు చేసి, మంచాన పడి, నా చేత తిట్లు తింటూ మందులు మింగి, ఒక మామూలు పొద్దున మామూలుగానే పోయారు. గోడకున్న ఫొటో పెళ్ళినాటిది. అందులో కళ్ళు మూసుకుని ఉన్నారు. రెప్ప కొట్టొద్దని ఫొటోగ్రాఫరు అన్నాడట, ఈయన బిగబట్టి బిగబట్టి సరిగ్గా ఫ్లాష్ వెలిగినప్పుడే కొట్టారు. ఇంకో రెండు ఫొటోలున్నాయిలెండి. ఒకదాంట్లో వీపు, ఒకదాంట్లో సగం మొహం. అయినా మనిషి నడిచే తీరూ, తల తిప్పే తీరూ ఏ ఫొటోలో ఉంటుంది? అది చూడాలంటే నాకున్నది ఆ సీరియలొక్కటే.

సీరియల్ పేరు 'నీలిముసుగు'. మీ చిన్నప్పుడు చూసే ఉంటారు. కోటలో గడియారాలకి కీ ఇచ్చే పిరికివాడొకడు. ఎలుకని చూసినా బల్లెక్కుతాడు. ఎక్కడైనా అన్యాయం జరిగిందా, నీలం మాస్కు పెట్టుకుని, నల్లటి అంగీ భుజాన వేసుకుని, కత్తి దూసి గోడలు దూకుతాడు. సేనాపతికి బుద్ధి చెప్పి, దోచుకున్నది జనానికి ఇప్పించి, మళ్ళీ వచ్చి గడియారాల దగ్గర వణుకుతూ కూర్చుంటాడు. ఆ సీరియల్లో ఎవరూ చావరు. అది దర్శకుడి పట్టుదల. పిల్లాజెల్లా కూర్చుని చూసేది, నెత్తురు చుక్క కనపడకూడదు అనేవాడు. అందుకని కత్తులు చేతుల్లోంచి ఎగిరిపోతాయి, సైనికులు గడ్డికుప్పల మీదా నీళ్ళ తొట్లలోనూ పడి, ఊడిపోయిన గడ్డాలు పట్టుకుని మళ్ళీ లేస్తారు. ఆ తడిసిన బట్టలన్నీ తెచ్చి నా నెత్తిన పడేసేవాళ్ళు.

నేను అక్కడ బట్టల గదిలో టైలర్ని. మా ఆయన హీరోకి డూపు. మాటలు చెప్పేది, నవ్వేది, రాకుమార్తె చెయ్యి పట్టుకునేది హీరో. గోడ దూకేది, గుర్రం మీంచి పడేది, తాడు పట్టుకుని వేలాడేది మా ఆయన. పై అంతస్తులో కిటికీ పక్కన నా మెషీను, కింద ఆవరణలో చెక్కా అట్టా కొట్టి రంగేసిన కోట. టీ వేళకి ఆయన కింద నిలబడి, బొటనవేలు పెదాల దగ్గర పెట్టుకుని కప్పు ఎత్తినట్టు సైగ చేసేవారు. నేను కిటికీలోంచి కత్తెర ఎత్తి చూపించేదాన్ని. అంటే ఆగండి, చేతిలో పని ఉంది అని. రోజూ ఆయన పిలవడమే, రోజూ నేను ఆగమనడమే. ఆయన గడ్డికుప్ప మీద కూర్చుని ఆగేవారు.

ఇక మాస్కుల సంగతి. ఇది కాస్త శ్రద్ధగా వినండి. ఇద్దరి మాస్కులూ నేనే కుట్టేదాన్ని, ఒకటే గుడ్డ, ఒకటే కొలత. కానీ హీరో మాస్కుకి వెనక ఎలాస్టిక్ ఉంటుంది, జుట్టు చెదరకూడదు కాబట్టి. మా ఆయన గెంతే గెంతులకి ఎలాస్టిక్ ఆగదు, మాస్కు ముక్కు మీదికి జారిపోతుంది. అందుకని ఆయనదానికి పొడుగాటి నాడాలు కుట్టి, వెనక ముడేసి పంపేదాన్ని. గాలి వీస్తే ఆ రెండు కొసలూ చెవి పక్కన ఎగురుతాయి. నాడాలు ఎగిరాయా, ఆయన. ఎగరలేదా, హీరో. ఇది నాకు తప్ప చూసేవాళ్ళెవరికీ తెలియదు.

సీరియల్ మొదట్లో, అక్షరాలు పడే ముందు, ఒక బొమ్మ వస్తుంది. కోటగోడ మీద నీలిముసుగు నిలబడి ఉంటాడు. కింద సైనికులు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తుంటారు. అతను మెల్లగా ఇటు తిరిగి, చెయ్యెత్తి ఊపుతాడు. నాడాలు గాలికి రెపరెపలాడుతుంటాయి. మొదటిసారి అది టీవీలో చూసిన రోజు నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. మీరే కదూ, నా కిటికీ వైపే కదూ ఊపారు అని భుజం పట్టుకుని ఊపేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయన మాట్లాడితేనే వింత, నవ్వి ఊరుకుంటే నేనేం అనుకోవాలి? అవునన్నట్టే అనుకున్నాను.

ఆయన పోయాక ఛానెల్ వాళ్ళు ఆ సీరియల్ని మళ్ళీ మళ్ళీ వేస్తూ వచ్చారు. ఒకసారి అయిపోతే మళ్ళీ మొదట్నుంచి. నేను కంచం పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాను. ఆయన చెయ్యి ఊపుతారు. నేనూ ఎడమచెయ్యి ఊపుతాను, కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి. నవ్వుకుంటే నవ్వుకోండి. రోజు మొత్తంలో నా ఇంట్లో నన్నొకరు పలకరించేది ఆ ఒక్కసారే. మిగతా పొద్దంతా నేనూ, మెషీనూ, చుట్టుపక్కల వాళ్ళ చిరిగిన బట్టలూను. పొద్దుపోక మెషీనుతో మాట్లాడతాను, అది తిరిగి ఏమీ అనదు, అదొక్కటే దాంతో సుఖం.

అలాంటిదాన్ని పట్టుకుని మా ఆడపడుచు ఒకరోజు ఫోన్లో ఏమందో తెలుసా? ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు, నాకు మిగిలిన ఒకే ఒక్క చుట్టం. మాటల్లో ఆ చెయ్యి ఊపడం సంగతి వస్తే, తాపీగా అంది.

"ఏమో వదినా, నాకైతే అది అన్నయ్యలా అనిపించదు. నలుగురూ చూస్తుంటే అన్నయ్యకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అలా ఊపడం ఆయన వల్ల అయ్యే పనేనా?"

ఒళ్ళు మండిపోయింది. కట్టుకున్నదాన్ని నేను, మాస్కు కుట్టినదాన్ని నేను, నాకు నేర్పుతావా అని ఠపీమని ఫోన్ పెట్టేశాను. తను మళ్ళీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. పంతం పట్టడంలో ఆ ఇంటి ఆడపిల్లా, ఆ ఇంటి కోడలూ ఎవరూ తీసిపోరు.

ఇలా ఉండగా ఒకరోజు తెర కింద ఒక పట్టీ వచ్చింది. ప్రేక్షకులకు గమనిక, వచ్చే వారం నుంచి ఈ సమయానికి కొత్త వంటల కార్యక్రమం. కంచం సగంలో వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకున్నాను. తాడో పేడో తేల్చుకుందామనే బయల్దేరాను.

ఛానెల్ ఆఫీసులో ముందు గదిలో కూర్చున్న అమ్మాయి నా గొంతు విని కంగారుపడి, ఎవరి దగ్గరికి పంపాలో తెలియక, మెట్లు దిగి వెళ్ళమని పాత టేపుల గదికి పంపించింది. అక్కడ ఉండే ఆవిడ వయసు నాకు కూతురుంటే అంత ఉంటుంది. చుట్టూ బీరువాల నిండా టేపులు, మధ్యలో చల్లటి గదిలో శాలువా కప్పుకుని ఒక్కతే కూర్చుని ఉంది. నేను తిట్టాలనుకున్నవన్నీ తిట్టేదాకా విని, సీరియల్ ఆపడం నా చేతిలో లేదమ్మా, ఇంతకీ మీకు కావలసింది ఏంటి అని అడిగింది.

అలా అడిగేసరికి నా దగ్గర మిగిలింది ఒక్కటే మాట. ఆ చెయ్యి ఊపే ముక్క చాలమ్మా అన్నాను. మా ఆయన అని చెప్పాను. నాడాల సంగతి చెప్పాను. ఫొటోలో మూసుకున్న కళ్ళ సంగతి కూడా ఎందుకు చెప్పానో తెలియదు. ఆ పిల్ల కంప్యూటర్లో ఏదో వెతికి, ఆ షాట్ తీసిన అసలు టేపు ఉన్నట్టుందమ్మా అంది. అసలు టేపంటే కత్తిరించనిది. షాట్‌కి ముందూ వెనకా తీసిందంతా ఉంటుందట. ఆ రోజుల్లో కట్ చెప్పాక కూడా కెమెరా ఆపడం మర్చిపోయేవాళ్ళట.

"అంటే, కట్ చెప్పాక మాస్కు తీస్తారు కదా. అది కూడా ఉంటుందా?" అన్నాను.

"ఉండాలమ్మా. వెతకాలి. శుక్రవారం రండి."

మీకు అర్థమైందో లేదో. ఆయన మొహం. కదిలే మొహం. మాస్కు తీసి, చెమట తుడుచుకుని, కళ్ళు తెరిచి చూసే మొహం. గోడ దిగి నడుస్తారు కూడానేమో. శుక్రవారం దాకా నేను కుట్టిన ప్రతి బట్టా విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది. ఒకామె గౌనుకి చేతులు తిరగేసి కుట్టాను. ఈ మాట ఎవరికైనా చెప్పుకోవాలని ఫోన్ దగ్గరికి వెళ్ళడం, ఆడపడుచు మీద పంతం గుర్తొచ్చి వెనక్కి రావడం. చెప్పుకోవడానికి ఇంకొకరు లేరన్న సంగతి ఆ రోజుల్లో తెలిసినట్టు ముందెప్పుడూ తెలియలేదు.

శుక్రవారం మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్ళాను. పెళ్ళిచూపులకి కూడా నేను అంత బాగా తయారవలేదు. టేపుల గది పిల్ల నన్ను చిన్న తెర ముందు కూర్చోబెట్టింది. తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది. టేపు కాస్సేపు గీతలు గీతలుగా ఆడి, తర్వాత కుదురుకుంది.

అదే గోడ. అదే ఆకాశం. అక్షరాలు లేకపోయేసరికి బొమ్మ ఎంత వెడల్పుగా ఉందో. మాస్కు మనిషి తిరిగాడు, చెయ్యి ఊపాడు, నాడాలు ఎగిరాయి. నాకు తెలియకుండానే నా చెయ్యి కూడా లేచింది. తర్వాత కట్ అన్న దర్శకుడి కేక వినపడింది. గోడ మీది మనిషి చెయ్యి వెనక్కి పెట్టి ముడి విప్పుకుని మాస్కు లాగేశాడు.

హీరో.

మా ఆయన కాదు. నున్నగా గీసిన గడ్డం, పౌడరు మొహం, హీరో. "ఇదిగోనయ్యా నీ మాస్కు. నాదాని ఎలాస్టిక్ కుట్టించి పెట్టు" అని నవ్వుతూ అన్నాడు.

ఆ ఎలాస్టిక్ తెగిన మాస్కు నాకు గుర్తుంది. మర్నాడు నా మెషీను మీదికొచ్చింది. కొత్తది ఎలా తెంచారయ్యా అని అందర్నీ కలిపి తిట్టి మరీ కుట్టాను. తెగితే ఆ పూట ఏ మాస్కు పెట్టుకున్నారని అడగాలని మాత్రం తట్టలేదు. ఇన్నేళ్ళూ నేను మాస్కుని గుర్తుపట్టాను, మనిషిని కాదు. ఎవడో పరాయి మగాడికి కంచం ముందు కూర్చుని రోజూ చెయ్యి ఊపాను. ఆడపడుచు చెప్పింది నిజం. చాలమ్మా, ఆపెయ్యి అనబోయాను.

అనేలోపు హీరో ఆ మాస్కుని గోడ మీంచి కిందికి విసిరాడు. నేను కుట్టిన వస్తువు కదా, అది ఎటు పడుతుందోనని నా కళ్ళు దాని వెంటే వెళ్ళాయి. అది ఎడమ మూలకి పోయి, అక్కడ నిలబడ్డ ఒక సైనికుడి భుజానికి తగిలి కింద పడింది. ఆ సైనికుడు దాన్ని చూడనే లేదు. అందరూ గోడ వైపు చూస్తుంటే అతనొక్కడే ఇటు తిరిగి, కెమెరాకి పైన ఎక్కడో చూస్తున్నాడు. బొటనవేలు పెదాల దగ్గర ఉంది.

తర్వాత తల మీంచి ఇనపటోపీ తీశాడు.

తీశారు. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మా ఆయన పైకి చూస్తూ మళ్ళీ కప్పు ఎత్తినట్టు సైగ చేశారు. కొంచెం ఆగారు. తర్వాత నవ్వి తల ఊపారు. నేను కత్తెర చూపించి ఉంటాను. ఇంకేం చూపిస్తాను? కింద పడ్డ మాస్కు తీసుకుని, దులిపి, మెడ గోక్కున్నారు. జనం చాలనప్పుడు ఈయనకీ సైనికుడి వేషం వేసేవాళ్ళు. ఆ సైనికుల కాలర్లు నేను కుట్టినవే, గరుకుగా ఉన్నాయని అందరూ గొణిగేవాళ్ళు. ఆయన ఎప్పుడూ అనలేదు. వెళ్ళి గడ్డికుప్ప మీద కూర్చున్నారు. మాస్కు మోకాలి మీద పెట్టుకుని నాడాలకి చిక్కు తీస్తూ, మధ్యమధ్యలో తలెత్తి కిటికీ వైపు చూస్తూ. టేపు అయిపోయేదాకా అలాగే కూర్చుని ఉన్నారు.

"ఎవర్నమ్మా పిలుస్తున్నారు?" అని ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"నన్నే. టీకి."

ఎన్నిసార్లు వేయించుకున్నానో గుర్తులేదు. విసుక్కోకుండా వేసింది తల్లి. ఆ రోజు ఎలాంటి రోజో గుర్తు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. నేను వెంటనే దిగి వెళ్ళానో, చీకటి పడేదాకా కూర్చోబెట్టానో, టీ తాగుతూ ఏం మాట్లాడుకున్నామో ఏదీ రాలేదు. అన్ని రోజుల్లాంటి రోజే అయి ఉంటుంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. టీవీలో చూసిన ఆ మొదటి రోజే చెప్పొచ్చుగా మహానుభావా, ఊపింది నేను కాదే, మూల నిలబడి పిలిచింది నేను అని. నా సంబరం చూసి చెప్పబుద్ధి కాలేదేమో. ఇన్నేళ్ళూ ఆయన మూల నుంచి పిలుస్తూనే ఉన్నారు, నేను గోడ మీద మనిషిని చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో చూసినప్పుడు ఎందుకు కనపడలేదు అంటే, సీరియల్ పేరు అక్షరాలు ఎడమ నుంచే మొదలవుతాయట. మొదటి అక్షరం సరిగ్గా ఆయన మీదే పడుతుంది. ఆయన తప్పుగా ఇటు తిరిగి ఉన్నా దర్శకుడు వదిలేసింది అందుకేనేమో అంది ఆ పిల్ల. అక్షరం రాకముందు కనిపిస్తారా అంటే, రెప్పపాటు కనిపిస్తారమ్మా, చూడాలని చూస్తే అంది. టేపుకి కాపీ తీసివ్వాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి, అడుగుతానంది. ఆ పైవాళ్ళు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

ఆఖరి భాగం వచ్చే రోజు పొద్దున్నే ఆడపడుచుకి ఫోన్ చేశాను. నువ్వన్నదే నిజం అమ్మాయ్ అని చెప్పాలనే చేశాను. తీరా తను ఎత్తేసరికి పంతం అడ్డొచ్చింది.

"మధ్యాహ్నం సీరియల్ చూడు. మొదట్లో, అక్షరాలు పడకముందు, ఎడమ మూల. గోడ వైపు చూడకు" అన్నాను.

"ఏముంది వదినా అక్కడ?"

"చూడమంటే చూడు. రెప్ప కొట్టకు."

మధ్యాహ్నం అన్నం వండుకోలేదు. తెరకి దగ్గరగా, కింద కూర్చున్నాను. కోటగోడ వచ్చింది. నీలిముసుగు తిరుగుతున్నాడని తెలుస్తూనే ఉంది, అటు చూడలేదు. ఎడమ మూల, ఇనపటోపీ కింద, చిటికెనవేలంత మనిషి. ఒక్కరే ఇటు తిరిగి ఉన్నారు. చెయ్యి పెదాల దగ్గరుంది. చూశాను అనుకునేలోపే మొదటి అక్షరం వచ్చి ఆయన్ని కప్పేసింది.

వెనక బల్ల మీద ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఆడపడుచే అయి ఉంటుంది, చూసి ఉంటుంది. తనకి తర్వాత చెప్పొచ్చు. నేను తెర మీద ఆ అక్షరం ఉన్నచోట చెయ్యి పెట్టాను. అద్దం గోరువెచ్చగా ఉంది. ఈసారి నా చేతిలో కత్తెర లేదు.

"వస్తున్నానండీ" అన్నాను. "ఈ గౌనొక్కటీ అయిపోతే వచ్చేస్తాను. కూర్చోండి."